బ్రేకు మాస్టారి కుడికాలు

ఆ రోజు పొద్దున్న బ్రేకు మాస్టారు వేసుకున్న ప్లాను చాలా సులువైనది. తొమ్మిదింటికి పాత కారులో బయల్దేరాలి. పదింటికల్లా దాన్ని తుక్కు యార్డులో అప్పగించి, వాళ్ళిచ్చే కూపన్ జేబులో పెట్టుకోవాలి. పదకొండింటికి షోరూములో అడుగు పెట్టాలి. భోజనాల వేళకి కొత్త కారు గుమ్మం ముందుండాలి. ఇంత సులువైన ప్లానులే మనిషి కొంప ముంచుతాయని ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆయన చెవిలో చెప్పకపోలేదు. ఆయనే వినిపించుకోలేదు.

ఆయనకున్న డ్రైవింగ్ స్కూలంతా కలిపి ఒక కారు, ఆ కార్లో పక్క సీటు. ఆ సీటు కింద ఆయన కోసం ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు బిగించి ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తికమక పడగానే ఆయన కుడికాలు ఆ బ్రేకు మీద పడిపోతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఆయన బస్సెక్కినా ముందు సీటుని తొక్కుతారు. టీవీలో కారు వేగంగా మలుపు తిరిగితే సోఫా ముందున్న స్టూలు వెళ్ళి గోడకి తగులుతుంది. ఊరంతా బ్రేకు మాస్టారని పిలిచేది అందుకే.

ఆయన ఇంటి కింది వాటాలో భార్యది బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. పొద్దున్నే ఆవిడ పెరట్లో తీగల మీద తెల్లటి దుప్పట్లు ఆరేస్తుంది. సరిగ్గా అప్పుడే ఆయన కారు స్టార్టు చేస్తారు. అది భళ్ళున నల్లటి పొగ కక్కుతుంది. ఆ తర్వాత దంపతుల మధ్య జరిగే సంభాషణ ఇక్కడ రాయదగ్గది కాదు. ఆవిడ ఆ కారుని పేరు పెట్టి పిలవదు, "నా సవతి" అంటుంది.

"ఏమండీ, నిన్న నర్సింగ్ హోమ్ వాళ్ళు పన్నెండు దుప్పట్లు తిప్పి పంపారు. ఇంకోసారి మసి కనబడితే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటామన్నారు. ఇవాళ నా సవతిని పంపిస్తారా, నన్ను పుట్టింటికి పంపిస్తారా?"

"వెళ్తున్నా కదే! ఇవాళే ఆఖరు రోజు."

ప్రభుత్వం వారి పథకం అది. పొగ కక్కే పాత కారుని తుక్కుకి అప్పగిస్తే కొత్త కారు ధరలో తగ్గింపు కూపన్ ఇస్తారు. ఒకటే షరతు: కారు దానంతట అది నడిచి రావాలి. తాడు కట్టి లాక్కొస్తే చెల్లదు.

మాస్టారు తాళం తిప్పారు. కారు కుయ్యోమంది. మళ్ళీ తిప్పారు. ఈసారి ఆ మాత్రం కూడా అనలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పొద్దు కూడా మొరాయించని బండి, చావమన్న రోజే మొరాయించింది.

"చంపడానికి తీసుకెళ్ళాలంటే ముందు బతికించాలా! ఇదెక్కడి గోలరా దేవుడా!" అనుకుని బావమరిదికి ఫోను చేశారు.

బావమరిది మెకానిక్కు. అతను పానా పట్టడం నేర్చుకున్నది ఈ కారు మీదే. తుక్కు అన్న మాట చెవిన పడితే చాలు, కారు కింద పడుకుని లేవనంటాడు. అందుకని మాస్టారు అసలు సంగతి మింగేశారు.

"ఒరేయ్, ఇవాళ ఒక ముఖ్యమైన చోటికి వెళ్ళాలి. బండి కచ్చితంగా నడవాలిరా."

బావమరిది ఎక్కడికని అడగలేదు. ఎల్లుండి అక్కాబావల పెళ్ళిరోజు. బావకి ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టి అక్కని షికారుకి తీసుకెళ్తున్నాడని మురిసిపోయాడు. ఆ మురిపెంలో బానెట్ ఎత్తి, గాలి లోపలికి వెళ్ళే డబ్బా విప్పి, అందులోంచి రెండు వేళ్ళతో నల్లగా, పీలికలా ఉన్నదేదో బయటికి లాగాడు.

"బావా, ఇది మేజోడు కదూ?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. "నాలుగేళ్ళ క్రితం ఏదో ఈల వేస్తుంటే కుక్కాన్లేరా."

"ఊపిరాడక ఈల వేసింది బావా! నోట్లో మేజోడు కుక్కితే పొగ కక్కక పన్నీరు చల్లుతుందా?" అంటూ బావమరిది పరుగున వెళ్ళి తన షెడ్డులోంచి సరికొత్త కార్బురేటర్ తెచ్చాడు. "ఆరేళ్ళ నుంచి వేయిస్తానంటే నువ్వు వద్దంటున్నావు. ఇవాళ నీ మాట వినను. పెళ్ళిరోజు కానుక అనుకో."

గంటన్నర పట్టింది. తాళం తిప్పగానే ఇంజను నిద్రపోయే పిల్లిలా మెత్తగా గురక పెట్టింది. వెనక పొగ వచ్చిందా రాలేదా అని ఎవరూ చూడలేదు. మాస్టారు గడియారం చూసుకుంటున్నారు, భార్య లోపల చొక్కాలతో కుస్తీ పడుతోంది.

అంతలో ఆయన శిష్యురాలు, బేకరీ ఆవిడ ఊడిపడింది. మూడింటికి రావలసిన మనిషి పదిన్నరకే వచ్చింది. లైసెన్సు పరీక్షలో ఐదుసార్లు తప్పింది, రేపు ఆరోసారి. రొట్టెలు చేరవేయడానికి కిరాయి వ్యాను వాడిని నమ్ముకుంటే అవి చల్లారి రాళ్ళయ్యాక చేరుతున్నాయి. ఈసారీ తప్పితే ఇక స్టీరింగు ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది.

"మాస్టారూ, ఒక్క గంట తిప్పించండి. రాత్రంతా నిద్ర లేదు."

శిష్యులు లేకుండా కారు తిప్పడమంటే గిన్నె పెట్టకుండా పొయ్యి వెలిగించడమని మాస్టారి సిద్ధాంతం. "ఎక్కండమ్మా. దారిలో నాకు చిన్న పనుంది" అన్నారు. పనేమిటో ఆవిడకీ చెప్పలేదు. పరీక్ష ముందురోజు ఏడిపించడం ఎందుకని ఆయన మంచి ఉద్దేశం. కొత్త కారులో పరీక్ష ఇప్పిస్తే సంతోషిస్తుంది కదా అనుకున్నారు.

తుక్కు యార్డు పెద్ద మైదానం. నేల మీద తెల్లటి గీతలు, గీతల పక్కన ఎర్రటి ప్లాస్టిక్ దిమ్మెలు, మెడలో ఈల, చేతిలో అట్ట పట్టుకున్న ఒక గుమాస్తా, బిక్కమొహాలతో వరసలో కార్లు. బేకరీ ఆవిడ ఆ గీతలనీ, ఆ ఈలనీ చూసింది. 'అయ్యో! పరీక్ష ఇవాళే అన్నమాట. చెబితే భయపడతానని మాస్టారు చెప్పకుండా తీసుకొచ్చారు' అనుకుని స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని కొయ్యబారిపోయింది. ఆవిడ మొహం చూసి మాస్టారు, 'పాపం, కారు పోతోందని కనిపెట్టేసింది' అనుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు బాధపెట్టకూడదని నోరు విప్పలేదు.

వరస కదలడానికి గంట పట్టేలా ఉంది. మాస్టారు దిగి కాళ్ళు సాగదీశారు. ముందు కారాయన మహా సంబరంగా ఉన్నాడు. "నా బండికి అడుగున చిల్లండీ. వానొస్తే సీట్లో కూర్చునే కాళ్ళు కడుక్కోవచ్చు. వీధిలో పిల్లలంతా నా పొగకి దగ్గుతారు. ఈ పథకం పెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి." వెనక కారావిడ మాత్రం చిరాగ్గా ఉంది. "నాది బంగారంలా నడుస్తుందండీ. దీన్ని కరిగించి, కొత్తది పోతపోయడానికి ఎన్ని ఫ్యాక్టరీలు పొగ వదలాలో! అయినా తెచ్చాను. ఏం చేస్తాం, పక్కింటావిడ కూపన్ తెచ్చేసుకుంది." ఇద్దరు చెప్పిందీ నిజమే. పథకం ఒకటే, అది ఏ కారు మీద పడిందన్నదే తేడా.

తన కారు ఏ రకమో తేల్చుకుందామని మాస్టారు జేబులోంచి పథకం కరపత్రం తీసి వెనక్కి తిప్పారు. వెనక చీమ తలకాయంత అక్షరాలున్నాయి. కూపన్ మీద వచ్చే కార్లకి క్లచ్చు ఉండదట. మూడేళ్ళ దాకా అందులో ఏ మార్పూ చేయకూడదట, అదనపు భాగం ఒక్కటి కూడా బిగించకూడదట. కారు చేతికొచ్చేది నాలుగు నెలల తర్వాతట.

మాస్టారు ఆ అక్షరాలని రెండోసారి చదివారు. పక్క సీటుకి బ్రేకు లేకపోతే స్కూలెక్కడిది? నాలుగు నెలలు పన్నెండుమంది శిష్యులు ఏం నడుపుతారు? రేపటి పరీక్షకి ఈవిడ దేంట్లో వెళ్తుంది? వెంటనే ఇంటికి ఫోను చేశారు.

"ఏమే, ఒక్క మాట..."

"పంపించేశారా నా సవతిని? బతికించారు! ఇప్పుడే నర్సింగ్ హోమ్ వాళ్ళకి మాటిచ్చేశానండీ. ఇక మసి ఊసే ఉండదని చెప్పేశాను. మీరు నిజంగా పంపిస్తారని నేననుకోలేదు సుమండీ!"

ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో. "అబ్బే, ఏం లేదు. భోజనానికి ఆలస్యమవుతుంది" అని ఫోను పెట్టేశారు.

గీతకి అవతల ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడ ఇంజనులో ఏదో ద్రావణం పోసి మూడు నిమిషాలు నడిపిస్తారు. ఆ తర్వాత ఏ మెకానిక్కూ దాన్ని లేపలేడు. ముందు కారాయన బండి అందులోకి గణగణలాడుతూ వెళ్ళి, టక్కున నోరు మూసుకుంది.

"తర్వాతి బండి! యజమాని లోపలే కూర్చోవాలి. అదిగో ఆ గీత దాకా నడిపి చూపించండి. మూడు అవకాశాలు ఇస్తాం" అన్నాడు గుమాస్తా.

మూడు అవకాశాలు అనగానే బేకరీ ఆవిడకి అనుమానమన్నది మిగల్లేదు. మాస్టారు తన పక్క సీట్లో కూర్చున్నారు. కళ్ళు షెడ్డు మీద ఉన్నాయి. ఈల మోగింది.

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. రెండోసారి స్టార్టు చేసింది, మళ్ళీ కుదుపు, మళ్ళీ ఆగింది. ఆవిడ చెంపల మీంచి చెమట కారుతోంది. మూడోసారి ఇంజను గట్టిగా అరిచింది గానీ చక్రం అంగుళం జరగలేదు. గుమాస్తా తల అడ్డంగా ఊపి, అట్ట మీద బరబరా రాసి, చీటీ చింపి కిటికీలోంచి పడేశాడు.

"వాహనం నడిచే స్థితిలో లేదు. తిరస్కరణ. పక్కకి నెట్టుకుపోండి."

బేకరీ ఆవిడ బావురుమంది. "ఆరోసారి కూడా తప్పాను మాస్టారూ! నా వల్ల కాదు!"

"మీరు తప్పడమేంటమ్మా?"

"ఇది పరీక్ష కాదా?"

"ఇది తుక్కు యార్డమ్మా! కారుని అప్పగించడానికి వచ్చాను."

ఆవిడ ఏడుపు మధ్యలో ఆపేసింది. "మరి బండి ఎందుకు కదల్లేదు? నేను క్లచ్చు సరిగ్గానే వదిలానే!"

మాస్టారు కిందికి చూసుకున్నారు. కుడికాలు బ్రేకుని నేలకి అదిమిపెట్టి ఉంది. ఎప్పుడు తొక్కిందో ఆయనకే తెలియదు. నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది, పాత బండి మొరాయించిందని అందరూ నమ్ముతారు. కానీ రేపు ఈవిడకి పరీక్ష.

"మీ తప్పు కాదమ్మా. నా కాలు."

ఆవిడ వంగి ఆ కాలిని, దాని కిందున్న బ్రేకుని చూసింది. "మాస్టారూ, ఇన్నాళ్ళూ మీ దగ్గర బండి దానంతట అది ఆగేదే..."

"కొన్నిసార్లు నేనేనమ్మా" అన్నారు. ఆవిడ చూపు తిప్పకపోయేసరికి, "చాలాసార్లు" అని దిద్దుకున్నారు.

"అందుకా! పరీక్షలో ఆఫీసరు పక్కన కూర్చుంటే, ఇంకా ఆగదేంటా అని ఐదుసార్లూ ఎదురుచూశానండీ!" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు వెనక సీట్లోకి వెళ్ళండి."

ఇరవై ఆరేళ్ళలో మాస్టారు తన కారు వెనక సీట్లో కూర్చోవడం అదే మొదలు. నడవలేని బండి గేటు దాటి రోడ్డెక్కుతుంటే గుమాస్తా ఈల వేశాడు. అప్పటికే ఆవిడ మూడో గేరులో ఉంది. దారిలో నాలుగు కూడళ్ళు వచ్చాయి. ప్రతి కూడలిలోనూ మాస్టారు ముందు సీటుని తొక్కారు, ప్రతి కూడలిలోనూ ఆవిడే బ్రేకు వేసింది.

ఇల్లు దగ్గరపడేకొద్దీ మాస్టారికి చెమటలు పట్టాయి. కారు సరాసరి పెరటి తీగల పక్కకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మీదికి తోక పెట్టి ఆగింది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఇదేంటండీ! మళ్ళీ తోలుకొచ్చారా దీన్ని?" భార్య గొంతు ఒక్కసారి పైకి లేచి, ఎందుకో మధ్యలోనే ఆగింది. ఆవిడ దుప్పటి మీద వేలు రాసి చూసుకుంది. ఉతికిన జేబురుమాలు ఒకటి తెచ్చి కారు వెనక గొట్టానికి అడ్డం పెట్టింది. "ఏదమ్మా, గట్టిగా తొక్కు!" అంది. బేకరీ ఆవిడ తొక్కింది. రుమాలు తెల్లగానే ఉంది. "ఏం చేశారండీ దీన్ని?"

జవాబు బావమరిది చెప్పాడు. బావ తిరిగొచ్చి అక్కని షికారుకి ఎక్కించుకుంటాడని గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "ఇదక్కా, నాలుగేళ్ళుగా నీ దుప్పట్లకి మసి పూసిన దొంగ!" అంటూ ఆ మేజోడు పైకెత్తాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "దీని జతని దాచిపెట్టి, దీని కోసం నేను నాలుగేళ్ళుగా ఇల్లంతా వెతుకుతున్నానండీ!"

మాస్టారు అన్నీ చెప్పేశారు. చీమ తలకాయ అక్షరాలు, నాలుగు నెలలు, కాలు, అన్నీ. ఆవిడ విని, "ఆ ముక్క ఫోన్లోనే ఏడవచ్చుగా! స్కూలు పోతే నా దుప్పట్లు తెల్లగా ఉండి ఏం లాభం?" అని కసిరింది. ఆ కసురు చెవిన పడగానే మాస్టారికి గుండె మీంచి బండ దించినట్టయింది. గుమ్మంలోనే చతికిలబడి చెంబెడు నీళ్ళు తాగారు. బావమరిది మాత్రం తన కారుని తుక్కుకి పంపబోయారన్నదానికంటే చీటీలో రాసినదానికి ఎక్కువ మండిపడ్డాడు. "నేను బాగుచేసిన బండి నడవదా!" అని ఆ చీటీకి పటం కట్టించి తన షెడ్డులో తగిలించాడు.

మర్నాడు బేకరీ ఆవిడ పరీక్ష ఒక్క తప్పూ లేకుండా నెగ్గింది. ఆ రోజంతా మాస్టారు వీధి చివర నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరికీ ఆ సంగతి చెప్పారు. ఇప్పుడాయన శిష్యులతో రోజుకి ఐదుసార్లు ఆ తుక్కు యార్డు గేటు ముందు నుంచే వెళ్తుంటారు. ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆ బండి ఇప్పటికీ నడవదు.