ఎనభయ్యో నిమిషంలో లేచిపోయే పెద్దాయన

"ఈ ఊళ్లో పనిచేస్తున్న మెదడు ఒక్కటే ఉంది బెల్త్రాన్. ప్రస్తుతం అది నీ కత్తికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి జాగ్రత్త."

ముఖం నిండా సబ్బు నురగతో మంగలి కుర్చీలో వెనక్కి వాలి ఎవరిస్తో ఈ ప్రకటన చేశాడు. బెల్త్రాన్‌కి ఇది కొత్త కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆ గడ్డం గీస్తున్నాడు, ఆ మెదడు గురించి వింటున్నాడు. ఎవరిస్తో వృత్తి గడియారాల రిపేరు. ఊళ్లో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించకపోవడానికి కారణం అతనే. గిరాకీ తగ్గి తీరిక పెరిగాక తనను తాను డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. ఆమధ్య తప్పిపోయిన మేకని వెతకబోయి తనే తప్పిపోతే, మేక యజమానులే వెళ్లి అతన్ని తీసుకొచ్చారు.

"కొత్త కేసు. మూడు వారాలుగా దీని మీదే ఉన్నాను," అని గొంతు తగ్గించాడు. "దోన్ నసరేనో లేచిపోతున్నాడు."

కత్తి ఆగింది. "డెబ్భై రెండేళ్లకా? ఎవరితో?"

"ఎవరితోనూ కాదురా. మ్యాచ్ మధ్యలో."

బెల్త్రాన్ కత్తి కింద పెట్టేశాడు. దీనికంటే మొదటిదే నయం అనిపించింది.

ఆ కార్దాల్ ఊళ్లో పెళ్లాన్ని వదిలేసినవాణ్ని ఏడాది తిరక్కుండానే జనం మళ్లీ భోజనానికి పిలుస్తారు. ఓడిపోతున్న జట్టుని వదిలి మధ్యలో పోయినవాడికి మాత్రం పచ్చి మంచినీళ్లు పుట్టవు. పెద్ద నగరాల్లో రెండో గోలు పడగానే బస్సు దొరకదని బయల్దేరే జనం ఉంటారట. ఆ సంగతి చెప్పుకుని ఇక్కడివాళ్లు అయ్యో పాపం అనుకుంటారు.

నసరేనో దెపోర్తివో కార్దాల్ ఫుట్‌బాల్ క్లబ్బులో యాభై రెండేళ్లుగా సభ్యుడు. మూడో మెట్టు మీద ఆయన కూర్చునే చోట సిమెంటు అరిగి గుంట పడింది. అలాంటి మనిషి జట్టు వెనకబడ్డ ప్రతిసారీ, సరిగ్గా ఎనభయ్యో నిమిషానికి మెల్లగా జారుకుంటున్నాడని ఈమధ్యే బయటపడింది. ఆయన పేరు కొట్టెయ్యాలా వద్దా అని ఆదివారం సభ్యులంతా చేతులెత్తి ఓటు వెయ్యబోతున్నారు. భార్య పోయాక ఆ పెద్దాయనకి మిగిలింది ఆ మెట్టొక్కటే. 

"పక్క ఊరికి మన ఎత్తులు అమ్ముతున్నాడు," అన్నాడు ఎవరిస్తో.

"మన జట్టుకి ఎత్తులున్నాయా?"

"ఎంత రహస్యంగా దాచారో చూడు మరి."

శనివారం ఎవరిస్తో పాదిరీ వేషంలో బెల్త్రాన్‌తో కలిసి మ్యాచ్‌కి వచ్చాడు. నల్లని అంగీ, గొర్రె బొచ్చు గడ్డం. గేటు దగ్గర సాసేజులు కాలుస్తున్న ఆవిడ తల కూడా ఎత్తకుండా, "ఎవరిస్తో, నీకు కారం ఎక్కువ వెయ్యనా?" అంది.

"ఎలా కనిపెట్టావు తల్లీ?"

"కంటికున్న ఆ గడియారాల భూతద్దం తియ్యడం మర్చిపోయారు ఫాదర్."

డెబ్భయ్యో నిమిషంలో అవతలివాళ్లు గోలు కొట్టారు. ఎనభై కాగానే నసరేనో లేచాడు. టోపీ ముఖం మీదికి లాక్కుని, ఎవరి కళ్లూ చూడకుండా మెట్లు దిగాడు. వెనక ఎవరో ఉమ్మేశారు. "నేరస్థుడు కదిలాడు," అని ఎవరిస్తో అంగీ ఎత్తి పట్టుకుని పరుగెత్తాడు. పెద్దాయన పక్క తలుపులోంచి వెళ్తే, ఇతను తొందరలో మనుషుల్ని ఒక్కొక్కర్నే వదిలే పాత గేటుచక్రంలో దూరాడు. అది లోపలికే గాని బయటికి తిరగదు. అంగీ అందులో చిక్కుకుంది. బెల్త్రాన్ వెనక నుంచి నెడితే బట్ట చిరిగి, డిటెక్టివ్ బయటపడ్డాడు.

గోడ చుట్టూ తిరిగి వెళ్తే, గోల్‌పోస్టుకి సరిగ్గా వెనక, ఖాళీ సీసాల పెట్టె మీద నసరేనో కూర్చుని ఉన్నాడు. మైదానానికి వీపు పెట్టి, రెండు చెవులూ మూసుకుని. పక్క ఊరివాళ్లు లేరు, కాగితాలు లేవు. కళ్లలో నీళ్లు మాత్రం ఉన్నాయి.

"ఇక్కడేం చేస్తున్నారు దోన్ నసరేనో?" అన్నాడు బెల్త్రాన్.

పెద్దాయన చెవుల మీంచి చేతులు తీశాడు. "నాలుగేళ్ల కిందట రెండు గోల్స్ వెనకబడి ఉన్నాం. కడుపులో గడబిడై బయటికొచ్చాను. పది నిమిషాల్లో మనవాళ్లు మూడు కొట్టారు. అంటే ఏమిటి నాయనా? అడ్డం నేనేనన్నమాట. అప్పట్నుంచి వెనకబడితే చాలు, వచ్చేస్తున్నాను. ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు. నేను లేవని రోజే ఓడిపోతే ఎవరికి జవాబు చెప్పను?"

"మరి గెలిచినప్పుడో?"

"వెనకబడి గెలిచిన మ్యాచ్ ఒక్కటీ కళ్లారా చూడలేదు. చెవులు మూసుకున్నా ఆ అరుపులు మాత్రం గోడ దాటి వినిపిస్తాయి."

అప్పుడే గోడ అవతల ఊరు ఊరంతా అరిచింది. రెండు నిమిషాలకి మళ్లీ అరిచింది. నసరేనో ఏడుస్తూ నవ్వాడు.

ఆదివారం క్లబ్బు హాల్లో ఎవరిస్తో ఈ కథంతా గొప్పగా వినిపించాడు. తన కష్టానికి చప్పట్లు వస్తాయనుకున్నాడు.  అధ్యక్షురాలు ఒతీలియా, మాంసం కొట్టు ఆవిడ, మెల్లగా అంది: "అంటే ఈయన ద్రోహి కాదు. ఐరన్ లెగ్గు."

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. కార్దాల్‌లో ద్రోహిని క్లబ్బులోంచే గెంటుతారు. ఐరన్ లెగ్గుని మైదానం ఉన్న వీధిలోకి కూడా రానివ్వరు. మగాళ్ల ఎడమ చేతులన్నీ బల్ల కిందికి వెళ్లాయి. అపశకునం తగలకుండా అక్కడ వాళ్లు ఏం తాకుతారో పెద్దల ముందు చెప్పుకునేది కాదు. నసరేనో టోపీ తీసి, లేచి నిలబడ్డాడు. "నేనే చెప్దామనుకున్నాను," అన్నాడు. ఆ గొంతు వింటే బెల్త్రాన్‌కి తన స్నేహితుడి పీక నులిమెయ్యాలనిపించింది.

"ఆగండి. నా పరిశోధన పూర్తి కాలేదు," అని ఎవరిస్తో నోటుబుక్కు తెరిచాడు. తన శ్రమ అందరికీ తెలియాలి కదా. "మొదటి శనివారం: నేను మెట్ల మీద నిఘా. పెద్దాయన ఎనభైలో లేచాడు. మనం ఓడాం. రెండో శనివారం: నాకు పన్ను పోటు, ఇంట్లో పడుకున్నాను. పెద్దాయన లేచాడు. గెలిచాం. మూడో శనివారం: అదే రకం టోపీ పెట్టిన ఇంకో ముసలాయన్ని మరుగుదొడ్డి దాకా వెంబడించి మళ్లీ మెట్లెక్కాను. పెద్దాయన లేచాడు. ఓడాం. నిన్న: నేను గోడ అవతల. గెలిచాం."

పుస్తకం మూసి తలెత్తాడు. హాలంతా అతన్నే చూస్తోంది. బల్ల కింద చేతులు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

ఎవరిస్తోకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఛాతీ విరుచుకున్నాడు. "చూశారా? ఇంతటి నేరస్థుణ్ని నేను తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు."

నసరేనో సభ్యత్వం నిలిచింది. ఇకనుంచి మ్యాచ్ రోజు సీసాల పెట్టె మీద ఎవరిస్తో కూర్చోవాలని తీర్మానించారు.

తరువాతి శనివారం ఎనభయ్యో నిమిషానికి మనం సున్నా, వాళ్లు ఒకటి. నసరేనో కాళ్లు వాటంతటవే లేవబోయాయి. బెల్త్రాన్ ఆయన బెల్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. "కూర్చోండి. వాడు బయటే ఉన్నాడు, భయం లేదు." రెండో గోలు పడింది. పెద్దాయన టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. మూడోది పడింది. అందులో ఒకటి మనవాడే మన గోల్లోకి కొట్టాడు. రిఫరీ చివరి ఈల వేసేదాకా ఆయన కదల్లేదు. మెట్ల మీద ఒక్కరూ కదల్లేదు.

బెల్త్రాన్ గోడ వెనక్కి వెళ్లి సంగతి చెప్పాడు. ఎవరిస్తో పెట్టె మీంచి గెంతాడు. పరుగున లోపలికొచ్చి, మొదటి మెట్టు ఎక్కి చేతులు చాచాడు. "మహాజనులారా, నేను బయటున్నాను, ఓడాం. ఆయన లోపలున్నాడు, ఓడాం. నేనూ నిర్దోషినే, ఆయనా నిర్దోషే. రక్తం గడ్డకట్టే నిజం వినండి. మన జట్టుకి ఆడటం రాదు."

ఇరవయ్యేళ్లుగా ఊరందరికీ తెలిసిన మాటే. పైకి అన్నవాడు లేడు. ఒతీలియా వంగి చెప్పు విప్పింది.

నసరేనో ముందు కిసుక్కుమన్నాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాళ్లు ఆడలేకపోతే, ఓటి మద్దెల నేనే అనుకుని నాలుగేళ్లు గోడవతల కూర్చున్నాను చూడు," అని కళ్లు తుడుచుకున్నాడు. ఒతీలియా చేతిలో చెప్పు అలాగే ఆగిపోయింది.

"సరే గాని," అన్నాడాయన తన గుంటలో ఇంకాస్త సర్దుకుని, "వచ్చే శనివారం ఎన్నింటికి?"