ఇండోనేషియాకు అత్తగారు కరువు

ఇండోనేషియా దేశాన్ని తలుచుకుంటే నాకు జాలేస్తుంది. పదిహేడు వేల దీవులున్నాయట. ఒక్క దీవిలోనూ సరైన అత్తగారు లేరు!

ఉంటే ఆ బ్యాంకు ఉద్యోగి అంత దూరం పోయేవాడా?

మొదట్నించీ చెబుతాను. మాది అల్లూరు. మా ఆయన పెంచలకృష్ణకు రెండు రొయ్యల గుంటలున్నాయి. రొయ్య ధర పడిపోయినప్పుడల్లా కొనేవాళ్ళు, "మేమేం చేసేదన్నా, ఇండోనేషియా రొయ్య తక్కువకొస్తా ఉంది" అంటారు. దాంతో మా ఆయన పక్కింటివాళ్ళ మీద ఉంచినట్టే ఆ దేశం మీదా ఒక కన్నేసి ఉంచుతారు. ఫోన్‌లో ఆ పేరు కనబడితే చాలు, చివరి అక్షరం దాకా చదివి, నాకూ వినిపిస్తారు. ఆ పెద్దమనిషి కథ అట్లా తెలిసిందే.

ఆయన పేరు నాలుగుసార్లు పలకబోయాను, నోరు తిరగలేదు. బ్యాంకులో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టాడట. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా ఊరు మారాడట. తరవాత దేశాలే మారాడట. చివరికి బ్యాంకుకే పెద్దయ్యాడట. అప్పుడు ప్రభుత్వం పిలిచి, దేశపు ఆర్థిక విధానమంతా ఆయన చేతిలో పెట్టిందట.

ఇదంతా ఎందుకు జరిగింది? మొదటి ప్రమోషన్ ఆర్డర్ పట్టుకుని ఇంటికొచ్చిన రోజు, "మరి పొద్దున కాఫీ?" అని అడిగే దిక్కు లేక!

అదే ఆయన మా ఇంటి కోడలై ఉంటే చూడండి.

మొదటి ప్రమోషన్‌కే ఆపేసేవాళ్ళం. "పిల్లకు జడెవరు వేస్తారు నాయనా?" అంటే సరిపోయేది. రెండోదానికి మామగారి బీపీ ఉండనే ఉంది. విదేశీ పోస్టింగ్ ఎట్లాగూ ఆవకాయ కలిపే రోజుల్లోనే వచ్చి ఉండేది. జాడీలు అట్లా వదిలేసి ఏ కోడలైనా విమానమెక్కుతుందా? బ్యాంకు చైర్మన్ పదవికి ఆడపడుచు సీమంతం అడ్డం పడేది. ఇవన్నీ దాటుకుని మంత్రి దాకా వెళ్ళినా, ప్రమాణ స్వీకారం శుక్రవారమని తెలియగానే, "శుక్రవారం ఇల్లు కడగాలి, ఇంకో రోజు పెట్టుకోమను" అని ఉండేదాన్ని.

ఇప్పుడాయన మా ఊరి బ్రాంచిలో రెండో కౌంటర్ వెనక హాయిగా కూర్చుని ఉండేవాడు. సాయంత్రం ఆరుకల్లా ఇల్లు చేరేవాడు. దేశం సంగతంటారా? దేశానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఇడ్లీ పిండి రుబ్బేవాళ్ళు దొరకాలిగానీ!

ఆర్థిక స్థిరత్వం గురించి ఆయన ఉపన్యాసాలు కూడా ఇస్తాడట. స్థిరత్వం అంటే ఏమిటో మా ఇంటికొచ్చి చూడమనండి. మా కోడలు ప్రత్యూష ఏడేళ్ళుగా అదే బ్యాంకు, అదే కౌంటర్, ఇంటికొస్తే అదే స్టవ్!

నేనేదో కోడలిని కాల్చుకు తినే అత్తననుకునేరు. కానే కాదు. ఆడపిల్లలు ఆకాశాన్ని అందుకోవాలని ప్రతి మార్చి ఎనిమిదినా మైకు పట్టుకుని చెబుతాను. ఆకాశం అల్లూరు మీద కూడా ఉంది కదా!

ఆ స్థిరత్వానికి ఈ నెలలో గండం వచ్చిపడింది. ప్రత్యూష పరీక్ష రాసి ఆఫీసర్‌గా సెలెక్ట్ అయింది. పోస్టింగ్ నాయుడుపేట. పెన్న దాటి, గూడూరు దాటి, రెండు బస్సులు మారి, దగ్గర దగ్గర నూరు కిలోమీటర్లు. రోజూ తిరిగే దూరం కాదు. అక్కడ ఇల్లు తీసుకోవాల్సిందే.

అయితే నేను భయపడలేదు. బ్యాంకుల్లో చక్కని ఏర్పాటొకటి ఉంది. ప్రమోషన్ వద్దనుకునేవాళ్ళు 'అన్‌విల్లింగ్ లెటర్' అని రాసిస్తారు. నాకు అంగీకారం లేదు, దయచేసి నన్ను ఉన్నచోటే ఉంచండి అని. ఆ తరవాత కొన్నేళ్ళ దాకా వాళ్ళ జోలికెవరూ రారు. ఒక్క కాగితంతో కుటుంబమంతా నిలబడిపోతుంది! ఇంతకన్నా గొప్ప సంక్షేమ పథకాన్ని ఎవరైనా చూశారా? పక్కింటి వనజాక్షి, "మా కోడలు రెండుసార్లిచ్చిందొదినా!" అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోతుంటే, మా ఇంటికి ఒక్కటైనా లేదే అని నాకు చిన్నతనంగా కూడా ఉండేది.

ప్రత్యూష ఆర్డర్ చూపించిన రోజు ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఇది గమనించాలి. మాది చదువుకున్న ఇల్లు.

"మంచిదమ్మా, శానా సంతోషం" అన్నారు మా ఆయన. ఒక్క క్షణమాగి, "నా మాత్రలు యాడ పెట్టి పోతావు మరి?" అన్నారు.

మా అబ్బాయి సుకుమార్ పెళ్ళానికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "సూపర్! అయితే పొద్దున ఎట్లా?" అన్నాడు. పొద్దున అంటే ఏమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను వాళ్ళిద్దరికన్నా ఉదారంగా మాట్లాడాను. "నీ ఇష్టం తల్లీ. మధ్యలో నేను చెప్పేదేముంది? ఈ మోకాళ్ళే కొంచెం పట్టేస్తా ఉండాయి, అంతే."

ప్రత్యూష అందరి మొహాలూ ఒకసారి చూసింది. "వద్దంటే శుక్రవారం సాయంత్రం ఐదు లోపల లెటరియ్యాలంట. అదేదో మీరే రాయండత్తయ్యా, మీకైతే బాగా కుదురుతుంది" అంది.

నాకదే కావలసింది! బుధవారం సాయంత్రం కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. కుటుంబ కారణాల వల్ల అని మొదలుపెట్టాను. ఒట్టిగా అంతే రాస్తే పై అధికారుల మనసు కరుగుతుందా? అందుకని వివరాల్లోకి వెళ్ళాను. భర్తకు తన సాక్సు ఏ అరలో ఉంటాయో తెలియదు. అతనికి స్టవ్ వెలిగించడం వచ్చుగానీ, ఆ తరవాత ఏం చేయాలో రాదు. మామగారికి మాత్రల రంగులు గుర్తేగానీ, వేళలు గుర్తుండవు. ఇక అత్తగారి మోకాళ్ళకు నాలుగు వాక్యాలు పట్టాయి. నేను రాసుకున్న మార్చి ఎనిమిది ఉపన్యాసాల్లో కూడా అంత ఆర్ద్రంగా ఏదీ కుదరలేదు. చివరికి అన్నిటికన్నా బలమైనది పెట్టాను: నాలుగేళ్ళ పాప వెన్నెల తల్లిని విడిచి ఉండలేదు.

అందరూ ఉండగా చదివి వినిపించాను. మోకాళ్ళ దగ్గర రెండోసారి చదివాను.

"వెన్నెలది కొట్టేయండత్తయ్యా" అంది ప్రత్యూష. "అది నాతోనే వస్తుంది. బడి చూసినాను."

"ఎప్పుడు చూసినావు?" అన్నాను.

"పోయిన ఆదివారం. నాయుడుపేటలో మా బ్యాంకు రోజారమణి కూతురి ఓణీల ఫంక్షనని పోయినా కదా?"

"అయితే ఫంక్షన్ లేదా?"

"ఎందుకు లేదూ? భోంచేసే పోయినాను. బడి వెనక వీధిలో ఇల్లు కూడా చూసినా. నీళ్ళు తియ్యగా ఉంటాయంట."

నా పెన్ను ఆగిపోయింది. ఇల్లు చూడటం వేరు. నీళ్ళెట్లా ఉంటాయని అడగటం వేరు. నీళ్ళ సంగతి అడిగిన మనిషి మనసులో అప్పుడే బిందెలు సర్దేసుకుని ఉంటుంది. అంత మనసుపడ్డ పిల్ల చేత నేను వద్దని రాయిస్తున్నానన్నమాట. కాదు, నేనే రాసిపెడుతున్నాను!

ప్రత్యూష కాగితం తీసుకుంది. నోట్ల కట్ట చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"వెన్నెలది పోయింది. ఇంక ఇందులో నా కారణం ఒక్కటి చూపించండత్తయ్యా."

కాగితం అందుకుని, కళ్ళద్దాలు సర్దుకుని వెతికాను. మళ్ళీ మొదట్నించీ వెతికాను.

"సాక్సు ఆయనవి. మాత్రలు మామయ్యవి. మోకాళ్ళు మీవి. మరి సంతకం నేనెట్లా పెట్టేది? ఎవురి కారణానికి వాళ్ళు సంతకం పెట్టండి. తీసకపోయి మేనేజరుకిచ్చేస్తా."

నా పెన్ను తీసుకుని, ముందు సుకుమార్ వైపు చాపింది. వాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నేనెందుకు పెట్టాల? నేనేమన్నా వద్దన్నానా? మా, నువ్వు చెప్పు, వద్దన్నానా?"

"నేనైతే శానా సంతోషమని కూడా అన్నా" అన్నారు మా ఆయన.

నిజమే. ఇద్దరూ ఒక్క మాటైనా వద్దనలేదు. చెరొక ప్రశ్న వేసి ఊరుకున్నారు. వద్దన్నదంతా ఒకే చేతిరాతలో ఉంది. ఆ రాత నాది!

"అయితే ఎవురికీ అభ్యంతరం లేదన్నమాట" అని ప్రత్యూష నవ్వింది. గురువారం పొద్దున బ్యాంకుకు వెళ్ళగానే, నాయుడుపేట వెళ్తానని రాసి ఇచ్చేసింది. సోమవారమే చేరాలట.

శుక్రవారం సాయంత్రం తండ్రీకొడుకులు టీకి ఇంటికొచ్చారు. ప్రత్యూష ఇంకా బ్యాంకులోనే ఉంది. సుకుమార్ టీ తాగి, గ్లాసు ఉన్నచోటే వదిలేసి, ఈసారి నా వైపు తిరిగాడు.

"మా, సోమవారం నించి పొద్దున..."

వాడు పూర్తి చేయలేదు. పూర్తి చేయనక్కర్లేదు. మా ఇంట్లో ఒక పోస్టు ఖాళీ అయింది. దానికి నేను ఏ పరీక్షా రాయకుండానే సెలెక్ట్ అయిపోయాను!

ఆ లెటర్ ఇంకా బల్ల మీదే ఉంది. మోకాళ్ళ నాలుగు వాక్యాలూ పారేయడానికి నాకు ప్రాణమొప్పలేదు. పైన ప్రత్యూష పేరు కొట్టేసి నా పేరు రాశాను. మేనేజరు గారిని కొట్టేసి ఆ ఇద్దరి పేర్లూ రాశాను. సదరు పోస్టు స్వీకరించడానికి నాకు అంగీకారం లేదన్న చోట ఏమీ మార్చనక్కర్లేకపోయింది. కింద సంతకం పెట్టి, మా ఆయన చేతికిచ్చాను.

ఆయన చదువుకున్నారు. కొడుకు చేతికిచ్చి, తిరిగి తీసుకుని మళ్ళీ చదివారు.

"ఏందిది? నిన్నిప్పుడు ఎవురడిగినారు?"

"ఎవురూ అడగలేదు. అందుకే ఇచ్చినా. గడువు లోపల లెటరియ్యకపోతే ఒప్పుకున్నట్టేనంట. నేను కాపురానికొచ్చినప్పుడు ఆ గడువు సంగతి నాకెవురూ చెప్పలేదు."

ఆయన తలెత్తి గడియారం చూశారు. ఐదుకు ఇంకా పది నిమిషాలుంది.