చప్పుడు లేని ఫ్యాన్లు

శనివారం పొద్దున సంతోష్ కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హనుమాన్ జంక్షన్ వెళ్ళడం, చప్పుడు చెయ్యని ఫ్యాన్లు రెండు కొనడం, భోజనాల వేళకు నూజివీడు తిరిగొచ్చి భార్య కంప్యూటర్‌కు బిగించడం. మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాయ అమ్ముకునే మనిషికి ఇదీ ఒక పనేనా అనుకున్నాడు. ఏ పని గురించైనా ముందు అలాగే అనుకోవడం అతనికి మొదటి నుంచీ అలవాటు.

అవసరం మాత్రం పెద్దదే. సుసన్నా చింతలపూడి దగ్గర ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. బస్సుల్లో తిరగలేక మానేసింది గానీ, పాఠం చెప్పని రోజు ఆమెకు రోజులా అనిపించడం లేదు. ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ ఒకటి డెమో క్లాసు చెప్పమంది. ఆమె నోరు తెరవగానే కంప్యూటర్ లోపలి పాత ఫ్యాన్లు రొద అందుకున్నాయి. "మీ వెనక పిండిమర ఉందాండీ?" అని అవతలి మేడం మర్యాదగానే అడిగింది. కంపెనీ వాళ్ళు దయతలచి ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అది ఈ శనివారమే, సాయంత్రం నాలుగింటికి.

"ఏదో ఒకటి పట్టుకొచ్చేయకండి. నెమ్మదిగా తిరిగేవి చూసి తీసుకోండి," అంది సుసన్నా.

"కాయ పైన చూసి లోపల పురుగుందో లేదో చెప్పేస్తాను. ఫ్యాన్ చూడలేనా?" అన్నాడు సంతోష్ కుమార్.

దుకాణం సరిగ్గా హైవే పక్కన ఉంది. దాని యజమాని రామకృష్ణ ఓపిక గల మనిషి. సైజెంతండీ అని అడిగితే సంతోష్ కుమార్ వేళ్ళు చాపి, "బెత్తెడున్నర," అన్నాడు. రామకృష్ణ ఆ కొలతను మనసులోనే మిల్లీమీటర్లలోకి మార్చుకుని, మూడు రకాల ఫ్యాన్లు బల్ల మీద పెట్టి తిప్పి చూపించాడు.

"ఇది జోరుగా తిరుగుతుందండీ, గాలెక్కువ. ఇది నెమ్మది. ఇది ఇంకా నెమ్మది, మూలల్లో రబ్బరు ముక్కలున్నాయి కాబట్టి డబ్బా అదరదు."

సంతోష్ కుమార్ వంగి మొదటిదాని దగ్గర చెవి పెట్టాడు. బయట లారీ హారన్ కొట్టింది. రెండోదాని దగ్గర పెట్టాడు. బస్సు వచ్చి ఆగింది. మూడోదానికి రెండు లారీలు ఎదురుబొదురుగా వచ్చాయి. ఆ గోలలో మూడు రకాలూ ఒకే రకం నిశ్శబ్దంగా ఉన్నాయి.

"మచ్చు చూడందే సరుకు తీసుకునే అలవాటు లేదండీ నాకు. మూడు రకాలూ జత చొప్పున ఇవ్వండి. నచ్చింది ఉంచుకుని మిగతావి తెచ్చి ఇస్తాను," అన్నాడు.

కంప్యూటర్ దుకాణంలో మచ్చు అడిగిన మనిషిని రామకృష్ణ అప్పటిదాకా చూడలేదు. అయినా సరేనన్నాడు.

ఇంటికొచ్చే దారిలోనే సంతోష్ కుమార్ గుత్తకు తీసుకున్న రసాల తోట ఉంది. ఇంతకన్నా నిశ్శబ్దమైన చోటు దొరకదనిపించి బండి ఆపాడు. బండి బ్యాటరీ విప్పి, తీగలు కలిపి, ఫ్యాన్లను ఒక ఖాళీ ట్రేలో పెట్టాడు. ట్రే కదలకుండా అందులో నాలుగు కాయలు వేశాడు. కంప్యూటర్ డబ్బా మూసి ఉంటుంది కదా అని పైన తువ్వాలు కప్పి, నేల మీద పడుకుని చెవి ఆనించాడు.

పక్క తోట రాయప్ప అటుగా వచ్చాడు. "ఒరే సంతోషూ, ఏం చేస్తున్నావురా?"

సంతోష్ కుమార్ పెదవుల మీద వేలు పెట్టాడు. "మాట్లాడకు బాబాయ్. తేడా ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

రాయప్ప కాయలు చూశాడు, తిరిగే ఫ్యాన్లు చూశాడు, కప్పిన తువ్వాలు చూశాడు. ఈసారి కార్బైడు పెట్టి కాయ మగ్గబెట్టేవాళ్ళ మీద తనిఖీలు జోరుగా ఉన్నాయి. పెద్ద వ్యాపారులు గదుల్లో గాలి తిప్పి మగ్గబెడతారని అతను విన్నాడు. ఇంత చిన్న మిషన్ ఉంటుందని మాత్రం వినలేదు.

"దీనికి ఎన్ని రోజులు పడుతుందిరా?"

బిగించడానికి అడుగుతున్నాడనుకున్నాడు సంతోష్ కుమార్. "రోజులెందుకు బాబాయ్, గంట చాలు. నాలుగింటికల్లా ఇంట్లో మొదలైపోవాలి."

"పొగా అదీ రాదూ?"

"పొగెందుకొస్తుంది? చప్పుడే రాదు. అదే కదా దీని గొప్ప."

ఎవరికీ చెప్పనని రాయప్ప తనంతట తానే మాటిచ్చి వెళ్ళాడు. ఇల్లు చేరేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఇంట్లో భార్య భాగ్యవతి ఉంది, భాగ్యవతి చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో చర్చి ఆడవాళ్ళ గ్రూపు ఉంది.

మధ్యాహ్నం సంతోష్ కుమార్ రబ్బరు ముక్కల ఫ్యాన్లే బిగించాడు. సుసన్నా మీట నొక్కింది. ఏమీ వినపడలేదు. ఆన్ కాలేదనుకుని మళ్ళీ నొక్కితే ఆన్ అయినది ఆగిపోయింది. సంగతి అర్థమయ్యాక ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విందని సంతోష్ కుమార్ గమనించాడు. ఆ సంతోషంలో డబ్బా పక్క మూత బిగించడం మరిచిపోయాడు.

నాలుగింటికి తెర మీద, పిండిమర గురించి అడిగిన ఉమ మేడమే మళ్ళీ కనపడింది. సుసన్నా భిన్నాల పాఠం మొదలుపెట్టింది. అప్పుడే గేటు కిర్రుమంది. పాత రొదలో గేటు ఊడి పడినా వినపడేది కాదు. ఇప్పుడు వాకిట్లో చెప్పులు విడవడం కూడా స్పష్టంగా వినపడుతోంది. సంతోష్ కుమార్ పరిగెత్తి చూస్తే, రాయప్ప, భాగ్యవతి, ఇంకో ఐదారుగురు పచ్చికాయల ట్రేలతో నిలబడి ఉన్నారు. అతను కంగారుగా పెదవుల మీద వేలు పెట్టాడు. మిషన్ నడుస్తోందని వాళ్ళకు అర్థమైంది. పిల్లిలా నడుచుకుంటూ లోపలికొచ్చి, తిరుగుతున్న ఫ్యాన్ల చుట్టూ ట్రేలు పేర్చి, వరసగా కింద కూర్చున్నారు.

"వెనక వాళ్ళెవరండీ?" అంది ఉమ మేడం.

అబద్ధం ఆడటం సుసన్నాకు చేతకాదు. "మామిడి రైతులండీ. ఎందుకొచ్చారో నాకూ తెలీదు."

"సరే, పాఠం ఆపకండి."

సుసన్నా తెర వైపు తిరిగింది. "ట్రేలో నలభై కాయలున్నాయి. పావు వంతు తీసేస్తే ఎన్ని మిగులుతాయి?"

"ఇరవై ఎనిమిది," అన్నాడు వెనక నుంచి రాయప్ప.

సుసన్నా వెనక్కి తిరిగింది. "ముప్పై కదా బాబాయ్ గారూ?"

"తరుగు తియ్యవా అమ్మా? మార్కెట్లో దెబ్బకాయలంటూ ముందే తీసేస్తారుగా."

"ఇది మార్కెట్ కాదు. లెక్కలో తరుగు ఉండదు."

"తరుగు లేని చోటుందా?" అని రాయప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు.

తప్పు జవాబును అలా వదిలేసి ముందుకు పోవడం సుసన్నా వల్ల కాలేదు. కిందికి దిగి, ట్రేలో కాయలు నేల మీద పరిచి, పావు వంతు ఏదో, మిగతాది ఏదో చూపించింది. భాగ్యవతికి మొదట అర్థమైంది. ఆవిడ రాయప్పకు వివరించింది. అందరూ ముప్పై అన్నాక సుసన్నా తలెత్తి చూసింది. తెర గుర్తొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పోయినసారి మీరొక్కరే ఉన్నారు, మీ గొంతు మాకు వినపడలేదు," అంది ఉమ మేడం. "ఈసారి ఇంతమంది ఉన్నా వినపడింది. పిల్లల ఇళ్ళల్లోనూ ఇదే సందడి ఉంటుందండీ. సోమవారం నుంచి క్లాసులు తీసుకోండి."

తర్వాత సంతోష్ కుమార్ అసలు విషయం అందరికీ వివరంగా చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. "కిటుకు చెప్పడం ఇష్టం లేకపోతే పోనీలేరా," అని రాయప్ప ట్రేలు అక్కడే వదిలి వెళ్ళాడు. తలుపులు మూసిన గదిలో, అడుగున వరిగడ్డి ఉన్న ట్రేలలో, పక్వానికొచ్చిన రసాలు ఏం చేయాలో అదే చేశాయి. నాలుగైదు రోజుల్లో గది నిండా పండు వాసన.

ఆ మరుసటి వారం సంతోష్ కుమార్ మిగతా ఫ్యాన్లు తిరిగి ఇచ్చేసి, రబ్బరు ముక్కలున్న జత ఇంకొకటి ముందుజాగ్రత్తగా అడిగాడు.

"ఆ రకం ఫ్యాన్లు అయిపోయాయండీ," అన్నాడు రామకృష్ణ. "మీ ఊరి నుంచే రాయప్పగారని ఒకాయన వచ్చి ఉన్నవన్నీ పట్టుకెళ్ళారు. మచ్చు కూడా అడగలేదు."