బేస్ మోడలే మహాభాగ్యం

కార్లలో బేస్ మోడల్ కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి వీధివీధినా విగ్రహం పెట్టాలి! ఆ విగ్రహానికి కళ్ళూ ముక్కూ ఉండకూడదు. అవి టాప్ మోడల్లో వస్తాయి.

నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. టాప్ మోడల్ కొన్న పక్కింటాయన అవస్థ రోజూ చూస్తున్నవాణ్ణి. వాన పడితే వైపర్లు వాటంతటవే ఆడతాయి. చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. ఇక ఆ కారులో మనిషి దేనికండీ, బరువుకా? మొన్న రోడ్డు మీద గీత దాటాడని కారే ఆయన్ని కసిరింది. ఇంట్లో తినే చీవాట్లు చాలవనా?

మా బేస్ మోడల్ చూడండి! వెనక అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, జిమ్ము మానేశాం. పాటలు రావు కనుక ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మొదటి సిగ్నల్ దగ్గరికే పోట్లాట కూడా అయిపోయింది. వెనక కెమెరా లేదు కాబట్టి మా మామగారు వెనక నిలబడి "రానీ... రానీ... రానీ..." అంటారు. ఠప్పుమని చప్పుడు కాగానే "చాలు" అంటారు. ఇంత ఆప్యాయత ఏ కెమెరాకి ఉందండీ?

అసలు కారు కొన్నది మా ఆవిడ కోసం. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళని నడిపిస్తుంది. ఇన్నాళ్ళూ స్కూటర్ మీద నేనే దించేవాణ్ణి. నేను స్నానం చేసి, పేపర్లో నా కాలమ్ రెండుసార్లు చదువుకుని బయల్దేరేసరికి, పేషెంట్లు వాళ్ళంతట వాళ్ళే నడిచేస్తున్నారట! ఇద్దరైతే నడుచుకుంటూ వేరే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇలాగైతే ఉన్న పని కూడా ఊడుతుందని ఆవిడ పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది.

షోరూములో సేల్స్‌మన్ మహా మర్యాదస్తుడు. తాళంచెవి తిన్నగా నా చేతిలో పెట్టాడు. ఆవిడకి వెనక తలుపు తీసి, "మేడమ్, మీరు లెగ్‌రూమ్ చూడండి" అన్నాడు. నేను ఆరడుగులవాణ్ణి. కారుని ఓ చుట్టు తిప్పుకొచ్చి "భేష్" అన్నాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"డ్రైవర్ సీటు కాస్త పైకి లేస్తుందా బాబూ?"

"ఎందుకు లేవదు మేడమ్, టాప్ మోడల్లో లేస్తుంది. దాంతోపాటు సన్‌రూఫ్, కాళ్ళ దగ్గర నీలం లైటు, సీటులోంచి చల్లగాలి కూడా వస్తాయి."

"ఆకాశం నాకెందుకు? రోడ్డు కనిపిస్తే చాలు."

"అన్నీ కలిపే వస్తాయి మేడమ్. రోడ్డు విడిగా రాదు."

నేను కలగజేసుకుని, "సీటుదేముందోయ్, అదే అలవాటైపోతుంది" అని బేస్ మోడల్ ఖాయం చేశాను.

మర్నాడు ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుంది. బయటినుంచి చూస్తే స్టీరింగ్ పైన నుదురు మాత్రమే కనిపిస్తోంది. కారు ఎంతకీ కదలదే!

"ఏమైంది?" అన్నాను.

"ఆకాశం చాలా బాగుందండీ. మబ్బులు కూడా ఉన్నాయి. రోడ్డే ఎక్కడా లేదు."

చూశారా బేస్ మోడల్ మహిమ! పక్కింటాయన కారు కప్పుకి కన్నం పెట్టించుకుంటే గానీ కనపడని ఆకాశం మాకు ఎదుటి అద్దంలోంచే ఉచితం! ఈ మాటే ఆవిడతో అన్నాను.

ఆవిడ దిగి ఇంట్లోకి వెళ్ళింది. నా కాలమ్స్ అన్నీ కత్తిరించి నేను మోజుపడి బైండు చేయించుకున్న లావుపాటి సంపుటాలు రెండు మోసుకొచ్చి, సీటు మీద వేసి, పైన దుప్పటి మడత పరిచి కూర్చుంది. ఒక్కసారిగా మొహం వెలిగిపోయింది.

"ఇన్నేళ్ళకి మీ రాతలు ఒకరికి పనికొచ్చాయండీ!"

నేను మురిసిపోతూ పక్క సీటు తలుపు తీయబోయాను. అక్కడ ఆవిడ బ్యాగు ఉంది.

"మీరు వెనక కూర్చోండి. లెగ్‌రూమ్ చూద్దురుగాని," అంది.

కాబట్టి పాఠకులారా, షోరూముకి వెళితే రంగు అడగండి, మైలేజీ అడగండి, నీలం లైటు ఎంత నీలమో అడగండి. కారు నడిపేది ఎవరని మాత్రం అడక్కండి. అలా అడిగే పద్ధతి టాప్ మోడల్లో కూడా రాదు!

ఈ మధ్య ఆవిడ పేషెంట్లు ఒక్కరు కూడా జారిపోలేదు. లెగ్‌రూమ్ సంగతంటారా? మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి. ఆ ముక్కే చెబితే ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది:

"అదే అలవాటైపోతుందిలెండి."