పిల్లలు లేని ఓడ

కమలమ్మకు కావలసిందల్లా ఒక్క మధ్యాహ్నం. ఎవరూ లేపకుండా తనంతట తాను నిద్ర లేచే మధ్యాహ్నం. ఇదేమంత పెద్ద కోరిక అని మీరనవచ్చు. ఆ ఇల్లు చూడలేదు కనుక అంటారు.

రాయచూరులో తీన్ కందీల్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఆమె భర్త రంగనాయకులుది. కింద దుకాణం, పైన కాపురం. ఆ కాపురంలో ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, వాళ్ళ సంతానం, సెలవులొస్తే ఆ సంతానపు స్నేహితులు. బంతి పోయినా, పలక పగిలినా, మోకాలు దోక్కుపోయినా అక్కడ ముందు వినబడే మాట "అవ్వా". పక్కనే శక్తినగర్‌లో కరెంటు పుడుతుంది. ఊళ్ళన్నిటికీ పంచిపెట్టాక మిగిలితే రాయచూరుకు వస్తుంది. వచ్చిందల్లా సరిగ్గా కమలమ్మ నడుం వాల్చే వేళకు పోతుంది. టీవీ ఆగిపోగానే పిల్లలంతా గదుల్లోంచి బయటపడి ఆమె మంచం ఎక్కేవాళ్ళు. ఒకడు కాళ్ళ మీద, ఒకతె పొట్ట మీద, మిగిలినవాళ్ళు ఎక్కడ చోటుంటే అక్కడ.

ఇలా ఉండగా ఎదురింటి జయాబాయి కొచ్చిలో ఓడెక్కి, నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి వచ్చింది. వచ్చి వీధి వీధంతా వర్ణించింది. మెత్తని పరుపులంట, కిటికీ తెరిస్తే నీళ్ళంట, వండేది లేదు, కడిగేది లేదంట. ఒక్కటే లోపం, ఓడ నిండా పిల్లలేనంట. మిగతావాళ్ళు పరుపుల దగ్గర ఆగిపోయారు. కమలమ్మ మాత్రం ఆ లోపం దగ్గర ఆగి, రాత్రంతా ఆలోచించింది.

తెల్లవారి భర్త ముందు ఉగ్గాణి పళ్ళెం పెట్టి, నేను ఓడ ఎక్కుతానని చెప్పింది. రంగనాయకులు సంతోషించాడు. పెళ్ళైన నాటినుంచి ఆమె నోరు తెరిచి అడిగినవి ఒక చేతి వేళ్ళకు మించవు. పిల్లలకు ఎన్ని టికెట్లు తీయాలని అడిగాడు.

"ఒక్కటి గుడ వద్దు," అన్నది కమలమ్మ. "మన పిల్లలే కాదు. ఎవరి పిల్లలు ఉండొద్దు. గసుంటి ఓడ దొరికితేనే చూడుండ్రి."

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. అందులోనూ ఆ ఇంట్లో ఒక్క పిల్లవాడికి తెలిస్తే, అందరికంటే ముందు ఓడెక్కి కూర్చునేది వాళ్ళే.

బస్టాండు దగ్గర బసవలింగప్ప గదికి రెండు బోర్డులున్నాయి. ఒకదాని మీద యాత్రలు, విహారాలు. రెండోదాని మీద వధూవరుల సమాచార కేంద్రం. రెండూ మనుషుల్ని ఉన్నచోటి నుంచి కదిలించే పనులే కాబట్టి ఫోను మాత్రం ఒకటే పెట్టుకున్నాడు. రంగనాయకులు ఆ ఫోనుకు చేసినప్పుడు కరెంటు లేదు. పక్క జిరాక్సు దుకాణం జనరేటర్ బజారంతా దద్దరిల్లేలా మోగుతోంది. అదిగాక ఆయన నోట్లో అప్పుడే వేసుకున్న తాంబూలం ఉంది. ఆ రసం ఉమ్మేయడం ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. పెదవులు సున్నాలా చుట్టి, రసం పోకుండా మాట్లాడటం ముప్పై ఏళ్ళుగా అలవాటు.

బసవలింగప్పతో మాట కన్నడంలోనే. "మక్కళు ఇల్లద ఒళ్ళే హడగు బేకు," అన్నాడు రంగనాయకులు. పిల్లలు లేని మంచి ఓడ కావాలని. కాని చుట్టిన పెదవుల్లోంచి హడగు అన్నమాట హుడుగ అయి బయటికొచ్చింది. కన్నడంలో హడగు అంటే ఓడ, హుడుగ అంటే కుర్రవాడు. పిల్లలు లేని మంచి కుర్రవాడు కావాలని బసవలింగప్ప చెవిన పడింది. ఆయన మర్యాదస్తుడు, ఆశ్చర్యం కనబడనీయలేదు. ఎవరికని మాత్రం అడిగాడు.

మా ఇంటి ఆడమనిషికి అన్నాడు రంగనాయకులు.

బసవలింగప్పకు వెంటనే హేమ గుర్తుకొచ్చింది. హేమ రంగనాయకులు అన్న కూతురు. తండ్రి లేడు. పెళ్ళైన ఏడాదికే భర్త పోతే చిన్నాయన ఇంటికి వచ్చేసింది. శక్తినగర్ ఆసుపత్రిలో గుమస్తా పని. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం, వచ్చి పిల్లల చేత ఎక్కాలు చెప్పించడం. ఆమె ముందు మళ్ళీ పెళ్ళి అనే మాట ఎత్తడానికి ఇంటిల్లిపాదికీ జంకు. ఇన్నాళ్ళకు పెద్దమనిషికి ధైర్యం వచ్చిందని బసవలింగప్ప మెచ్చుకున్నాడు.

రంగనాయకులు తన షరతులు చెబుతూనే ఉన్నాడు. మాటల చివర్లన్నీ జనరేటర్ మింగేస్తోంది. ఊగకూడదు, మా ఆడమనిషికి పడదు అన్నాడు. తాగుడు అలవాటు ఉండకూడదన్నమాట అనుకున్నాడు బసవలింగప్ప. రాత్రులు చప్పుడు ఎక్కువ ఉండకూడదన్నాడు. గురక పెట్టనివాడన్నమాట. సరికొత్తదే కావాలని పట్టుదల లేదు, ఇదివరకు ఒక చుట్టు తిరిగొచ్చినా ఫరవాలేదన్నాడు. రెండో పెళ్ళివాడైనా సమ్మతమే. ఇంత విశాలహృదయం ఉన్న చిన్నాయనను తన వృత్తిలో చూడలేదనుకుని బసవలింగప్ప ఫోను పెట్టేశాడు.

వారం తిరగకుండానే ఆయన ఫోను చేశాడు. దొరికింది, ఆదివారం వాళ్ళే మీ ఇంటికొచ్చి చూసుకుని పోతారన్నాడు. ఓడ కంపెనీవాళ్ళు మనుషుల్ని ఇంటికొచ్చి చూడటమేమిటని రంగనాయకులుకు సందేహం వచ్చింది. కమలమ్మకు రాలేదు. పాలిచ్చే బర్రెనే నాలుగుసార్లు చూసి తోలుకుపోతారు, నడిసముద్రంలోకి తీసుకుపోయే మనిషిని చూడరా అన్నది.

బసవలింగప్ప బస్సు నడిపే అతను పక్కింటి పంపమ్మకు తమ్ముడు. సాయంత్రానికల్లా పంపమ్మ నోట కోడళ్ళకు కబురందింది. హేమకు సంబంధం వస్తోంది, అబ్బాయికి పిల్లల్లేరు, అంతా మీ అత్తామామలు గుట్టుగా నడిపిస్తున్నారు అని. కోడళ్ళకు కళ్ళు చెమర్చాయి. పిల్లల గోల తప్ప మరో ధ్యాస లేదనుకున్న అత్తగారి కడుపులో ఇంత ఆలోచన ఉందా అని పెద్దకోడలు అందరి ముందూ ఒప్పుకుంది. గుట్టుగా చేస్తున్న పని కాబట్టి వాళ్ళూ అడగలేదు. గోడలకు సున్నం వేయించారు. ఆదివారం నోరు మెదిపితే వీపు పగులుతుందని పిల్లలకు చెప్పారు.

కమలమ్మ ఇదంతా చూసి, ఓడ సంగతి పొక్కిందని గ్రహించింది. కాని ఎవరూ అలగలేదు, మేమూ వస్తామనలేదు. పైగా అడగకుండానే చాయ్ అందిస్తున్నారు. నేనిన్నాళ్ళూ ఈ కోడళ్ళను తక్కువ అంచనా వేశాను అనుకుంది.

శనివారం పొయ్యి దగ్గర హేమ వచ్చి పక్కన నిలబడింది.

"చిన్నమ్మా, నిజంగనే ఇది నీ మనసుల ఉండెనా?" అని అడిగింది.

"ఎన్నేండ్ల సందో ఉన్నది బిడ్డా. ఎవరికీ చెప్పలే," అన్నది కమలమ్మ జొన్నరొట్టె తిప్పుతూ. "ఎంతకాలమని గిట్లనే బతుకుతం? ఉన్న నాలుగొద్దులు మనసుకు నచ్చినట్ల ఉండొద్దా?"

హేమ ఆమె భుజం మీద తల ఆనించింది. తాను ఓడెక్కుతుంటే ఈ పిల్ల మనసు ఇంతగా కరగడమెందుకో కమలమ్మకు అంతుపట్టలేదు. అయినా బాగానే అనిపించింది.

ఆదివారం వచ్చినవాడి పేరు శివరాజ్. సిరవారలో ఎరువుల దుకాణం, నలభై దగ్గర పడిన వయసు. భార్య జబ్బుచేసి పోయి చాలాకాలమైంది. వెంట తల్లి అయ్యమ్మ వచ్చింది. కంపెనీ పనిమీద తిరిగేటప్పుడు కూడా తల్లిని వెంట తెచ్చుకున్నాడంటే బుద్ధిమంతుడేనని కమలమ్మ అనుకుంది. రంగనాయకులు బుగ్గలో తాంబూలంతో పక్కన కూర్చున్నాడు. కోడళ్ళు వాకిలికి ఆనుకుని నిలబడ్డారు. పిల్లల్ని వెనక గదిలో టీవీ ముందు కూర్చోబెట్టారు. కమలమ్మ ముఖ్యమైన సంగతే ముందు అడిగింది.

"పిల్లలు నిజంగ లేరు గద?"

శివరాజ్ తల దించుకున్నాడు. "లేరమ్మా."

"ఒక్కరు గుడ?"

"ఒక్కరు గుడ."

"మంచిగైంది," అన్నది కమలమ్మ నిండు మనసుతో.

అయ్యమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. కోడళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. కమలమ్మ ఇవేవీ గమనించే స్థితిలో లేదు. "ఊగుడు గిట్ల ఏం లేదు గద? నాకు కడుపుల తిప్పుతది," అన్నది.

శివరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను ముట్టనే ముట్ట. మా అమ్మ మీద ఒట్టు."

"కిటికీలకెల్లి నీళ్ళు కనవడ్తయా?"

"కనవడ్తయి. ఇంటెనకనే కాలువ."

"కాలువనా?" కమలమ్మ ముఖం చిన్నబోయింది. "సముద్రం లేదా?"

శివరాజ్ తల్లి వంక చూశాడు. సిరవార నుంచి సముద్రానికి ఎంత దూరమో, ఈ సంబంధం కుదరాలంటే దాన్ని ఎట్లా దగ్గరికి తేవాలో పాపం అతనికి తోచలేదు. అప్పుడే లోపలినుంచి హేమ చాయ్ కప్పులతో వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. భర్త పోయినప్పటినుంచి తలలో పువ్వు తురమని పిల్ల, ఆరోజు మూరెడు మల్లెలు పెట్టుకుంది.

కమలమ్మ ఆ మల్లెల్ని చూసింది. శివరాజును చూసింది. అయ్యమ్మ తడికళ్ళను చూసింది. చివరికి మొగుడి ఉబ్బిన బుగ్గను, సున్నాలా చుట్టిన పెదవుల్ని చూసింది. హడగు. హుడుగ. ఏం జరిగిందో ఒక్కొక్కటిగా ఆమెకు అర్థమైపోయింది.

రంగనాయకులుకు కూడా అర్థమైంది. ఆయన నికార్సైన వ్యాపారి. ఒక సరుకు అడిగితే మరో సరుకు వచ్చినప్పుడు అక్కడికక్కడే చెప్పేయడం ఆయన పద్ధతి. నోరు ఖాళీ చేసుకుని మాట్లాడదామని కిటికీ వైపు లేచాడు.

"మింగుండ్రి," అన్నది కమలమ్మ.

ఆయన ఆగిపోయాడు.

"నోట్ల ఉన్నది మింగి సుమ్నె కూర్చోండ్రి."

తాంబూలపు రసం ఆయన జన్మలో మింగలేదు. ఆరోజు మింగాడు. మింగి ఎక్కిళ్ళు పెడుతూ, మాట్లాడకుండా కూర్చున్నాడు. కమలమ్మకు బాధ కలగలేదని చెప్పలేను. మెత్తని పరుపు, నీళ్ళ కిటికీ, ఎవరూ పిలవని మధ్యాహ్నం అన్నీ కళ్ళముందే వెళ్ళిపోయాయి. కాని హేమ తలలో పువ్వులు చూశాక నిజం చెప్పడం ఆమె వల్ల కాలేదు. ఓడ ఇప్పుడు కాకపోతే మరోసారి వస్తుంది. ఆ పిల్ల తనంతట తానుగా మళ్ళీ పూలు పెట్టుకోవాలంటే ఇంకెన్నేళ్ళు పడుతుందో.

"మాకు పిల్లగాడు నచ్చిండు," అన్నది.

ఆ మాటతో సరిగ్గా కరెంటు పోయింది. వెనక గది తలుపు దబ్బున తెరుచుకుంది. పొద్దుటినుంచి బిగబట్టుకున్న గోలంతా ఒక్కసారిగా హాల్లోకి వచ్చిపడింది. మంచం ఖాళీగా ఉండటంతో పిల్లలకు శివరాజే కనబడ్డాడు. మనవడు పృథ్వి మెడ ఎక్కాడు, మనవరాలు శ్రీనిధి ఒళ్ళో కూర్చుంది, మిగిలినవాళ్ళు చేతులకు వేలాడారు. కోడళ్ళు పరుగెత్తుకొచ్చేలోగా శివరాజ్ పడి పడి నవ్వుతున్నాడు. హేమ కూడా నవ్వింది. ఆ నవ్వు విని అయ్యమ్మ మళ్ళీ కళ్ళొత్తుకుంది.

శ్రావణంలో పెళ్ళి జరిగింది. పెళ్ళికి వచ్చిన చుట్టాలు తలా ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తెచ్చారు. కమలమ్మ ఆ పది రోజులూ మధ్యాహ్నం నిద్ర అనే మాటే మరిచిపోయింది. ఊరంతా ఆమె దూరదృష్టిని పొగిడితే, అంతా ఆయన నోటి చలవేనని మొగుణ్ణి చూపించేది. జనం దాన్ని వినయం అనుకున్నారు.

ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడు పొద్దున ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. శివరాజ్ దిగాడు, హేమ దిగింది. పిల్లలందరినీ నెలరోజులు సిరవార తీసుకుపోతామన్నారు. కాలువలో ఈత, మామిడితోట, మేడ మీద పడక అన్నీ శివరాజే వరసగా చెప్పాడు. పిల్లలు సంచుల కోసం లోపలికి పోలేదు, ఉన్న బట్టలతోనే ట్రాలీ ఎక్కేశారు. వాళ్ళ వెంట ఎవరో ఒకరు ఉండాలి కదా అని కోడళ్ళూ ఎక్కారు. కమలమ్మ వద్దనబోయింది. అంతమందిని ఎట్లా సముదాయిస్తారని ఆమె బెంగ.

హేమ ఆమెను పక్కకు పిలిచి చేయి పట్టుకుంది. "చిన్నమ్మా, ఆనాడు తలుపు చాటున నేను అంతా విన్న. సిరవారల సముద్రం అడిగినప్పుడే జయాబాయి ఓడ యాదికొచ్చి సంగతి అర్థమైంది."

కమలమ్మ తల తిప్పుకుని ట్రాలీ వైపు చూసింది.

"నువ్వు నాకోసరం ఓడ వదులుకున్నవు," అన్నది హేమ. "ఓడ తెచ్చేంత దాన్ని కాను గని, పిల్లల్నైతే తీస్కపోగల్త. బేఫికర్‌గ పండుకో."

ట్రాక్టరు సందు మలుపు తిరిగింది. "అవ్వా" అన్న కేకలు కాసేపు వినబడి ఆగిపోయాయి. మధ్యాహ్నం కమలమ్మ అన్నం తిని, కొంగు పరుచుకుని మంచం మీద వాలింది. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయింది. ఆమె అలవాటు కొద్దీ కాళ్ళు ముడుచుకుని ఎదురుచూసింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఎవరూ మంచం ఎక్కలేదు. కమలమ్మ కాళ్ళు బారజాపుకుంది. హాయిగా ఉంది. పిల్లలు గుర్తుకొచ్చారా అంటే వచ్చారు. సిరవారలోనే ఉన్నారు కదా అనుకుని ఇంకాస్త హాయిగా పక్కకు తిరిగింది.

అంతలో ఫోను మోగింది. పెళ్ళి హడావుడి తగ్గాక రంగనాయకులు నోరు శుభ్రంగా పుక్కిలించుకుని పోయి, బసవలింగప్పకు అసలు విషయం విడమరిచి చెప్పి వచ్చాడు. ఈ ఫోను బసవలింగప్పదే, అన్ని ఊళ్ళూ గాలించి అలాంటి ఓడను ఇప్పటికి పట్టుకున్నాడు. పెద్దవాళ్ళనే ఎక్కించుకునే ఓడ, ఒక్క పిల్లవాడు కూడా ఉండడట. ఊఁ అంటే చీట్లు రాస్తానంటున్నాడు. రంగనాయకులు ఫోను చేత్తో మూసి, బుగ్గలో తాంబూలం ఒక పక్కకు నెట్టి, ఏం చెప్పమంటావని అడిగాడు.

"వద్దని చెప్పుండ్రి," అన్నది కమలమ్మ కళ్ళు తెరవకుండానే. "ముందుగాల ఆకు ఉమ్మేసి చెప్పుండ్రి."