గోడ మీద గీత

ఆ ఉదయం సర్వర్ ఇంజనీరు వేసుకున్న పథకం చిన్నదే. ఆసుపత్రిలో రోగుల పాత రికార్డులు వెతికిపెట్టే సర్వర్ తీసుకున్న మెమరీని వదలడం లేదు. ఎందుకో కనిపెట్టి, పెందలాడే ఇల్లు చేరాలి. గుమ్మం దగ్గర భార్య ఆపింది.

"తమ్ముడి మీద మాట పడనివ్వకండి. ఈ ఉద్యోగం కూడా పోతే వాడు మళ్లీ మంచం దిగడు."

ఆ వెతికే ప్రోగ్రాం రాసింది అతని బావమరిదే. వాణ్ణి ఉద్యోగంలో చేర్పించింది ఇంజనీరే. అందుకే అనుమానం కూడా ముందు అటే పోయింది. తను తెచ్చిన మనిషి వల్ల తల దించుకోవాల్సి వస్తుందేమోనన్న భయం, కొన్నాళ్లుగా ఆ మనిషి మీద కోపంగా మారుతోంది.

ప్రతి వెతుకులాటకూ సర్వర్ కొంత మెమరీ తీసుకుంటుంది. పనయ్యాక ఆ వెతుకులాటను మూసేస్తే మెమరీని తిరిగి ఇచ్చేస్తుంది. ఎక్కడో మూయడం లేదు. మునుపు సర్వర్ ఒకసారి మొరాయించినప్పుడు ఇంజనీరు ఒక కాపలా ప్రోగ్రాం రాశాడు. అది అప్పుడప్పుడూ ఏదో ఒక పేరు వెతికి చూసి, ఎంత మెమరీ నిండిందో పెద్దాఫీసరు గది గోడ మీది తెరకు ఎర్ర గీతగా పంపుతుంది. అప్పటి నుంచి గీత పైకే పోతోంది. దాగిన రోగం బయటపడిందని అతను లోలోపల సంతోషించాడు కూడా.

ఆ రోజు కాపలాను మరింత తరచుగా తిరగమన్నాడు. గీత నిటారుగా లేచింది.

"ఏం చేశావురా ఇందులో?" పక్క కుర్చీలోని బావమరిదిని అడిగాడు.

"నేనేం ముట్టుకోలేదు బావా. మూయాల్సినవన్నీ మూశాను. చూసుకో."

"చూస్తూనే ఉన్నాగా."

"నువ్వు చూసేది గీతని. ప్రోగ్రాంని కాదు."

ఆ మాట గుచ్చుకుంది. బావమరిది రాసిన భాగం కోసమే ఇంకో కాపలా పెట్టాడు. సర్వర్ కుప్పకూలింది.

ఫోను మోగింది. ఆపరేషన్ గది నర్సు. "బల్ల మీద మనిషున్నాడండీ. ఏ మందు పడదో మీ సర్వర్ చెప్పాలి. మత్తు ఇవ్వాలా, ఇంటికి పంపాలా?"

ఇంటికే పంపారు. పెద్దాఫీసరు కిందికి దిగి వచ్చాడు. "ఎవరి నిర్వాకం?"

ఇంజనీరు చూపు పక్క కుర్చీ వైపు తిరిగింది. అది చాలింది.

బావమరిది మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "వస్తా బావా. అక్కకి నువ్వే చెప్పు."

అతని ప్రోగ్రాం తీసేసి, పాతది పెట్టి సర్వర్‌ను లేపారు. గీత మళ్లీ ఎక్కసాగింది. అనుమానించడానికి ఇంకెవరూ మిగలనప్పుడు ఇంజనీరు తన కాపలాను తెరిచి చదివాడు. వెతికిన ప్రతిసారీ తెరుస్తోంది. ఒక్కసారీ మూయడం లేదు. దాన్ని ఆపగానే పట్టిన మెమరీ అంతా వదిలింది. గోడ మీది గీతా పోయింది.

మెట్లెక్కి వెళ్లాడు. "తప్పు మావాడిది కాదు సార్, నాది. నా కాపలాయే మెమరీని తినేసింది."

పెద్దాఫీసరు జాలిగా చూశాడు. "బావమరిది మీద ప్రేమ ఉండొచ్చు. మరీ ఇంత అబద్ధమా? అతను వెళ్లాకే కదండీ సర్వర్ బాగుపడింది?"

"కాపలా ఆపాను సార్, అందుకే..."

"ఆపారా? మరి బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? ముందు దాన్ని మొదలుపెట్టండి."

మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్లి, తప్పు తనదేనని అక్కడా చెప్పాడు.

అక్కడ వెంటనే నమ్మారు.