రేపటి శాఖ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు ఉండేది. అడవి ఎంత పెద్దదైనా, ఎండాకాలం వచ్చేసరికి పులి మొదలు పిచ్చుక దాకా అందరి ప్రాణాలూ ఆ మడుగులోనే ఉండేవి.

మడుగుకి నీళ్ళు అడుగునున్న ఊటలోంచి వస్తాయి. ఆ ఊటకి ఒక జబ్బుంది. బురదా, రాలిన ఆకులూ చేరి ఏ రోజుకారోజు దాని నోరు పూడిపోతుంది. సాయంత్రం ఎవరైనా తోడేస్తే తెల్లారేసరికి మడుగు నిండుతుంది. తోడకపోతే లేదు.

ఆ తోడే పని గుమ్మటయ్య అనే ఏనుగుది. తొండం ఉంది కనుక తోడేవాడు, తోడుతున్నాడు కనుక అడవికి అధ్యక్షుడయ్యాడు. ఎన్నికల్లో ఒక్క ప్రసంగం కూడా చెయ్యలేదు. తొండం నిండా బురదుంటే ఎలా చేస్తాడు పాపం!

ఒక సాయంత్రం ఆయన బురదలో ఉండగా సూదులమ్మ అనే ముళ్ళపంది వచ్చింది. ఆవిడ ఒంటికే కాదు, మాటకీ ముళ్ళుండేవి.

"అధ్యక్షా, పోయినేడు ఈపాటికి నీళ్ళు ఆ నల్లరాయి దాకా ఉండేవి. ఇప్పుడు రాయి పాదమైనా తడవడం లేదు. వచ్చే ఏటి సంగతేమైనా ఆలోచించావా?"

"తీరికేదీ సూదులమ్మా? ఇది తోడేసరికే పొద్దు గూకుతోంది."

"తోడేది తొండమే కదయ్యా! తల ఖాళీయేగా?" అనేసి ఆవిడ ముళ్ళు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట గుమ్మటయ్యకి గుచ్చుకుంది. ఇంత పెద్ద తల పెట్టుకుని ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచానే అని సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే, మడుగు అంచున ఒంటికాలి మీద జపం చేసుకుంటున్న ధ్యానానందం ఒక కన్ను తెరిచాడు. ధ్యానానందం కొంగ. ఎన్నో అడవులకి సలహాలు చెప్పి వచ్చినవాడు. ఆ అడవులు ఇప్పుడెలా ఉన్నాయని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"గుమ్మటయ్యగారూ, తమలో ఒకటే లోపం. తమరు కిందికి చూస్తారు. నాయకుడన్నవాడికి ముందుచూపుండాలి."

"కిందికి చూడకపోతే బురద కనపడదు కదండీ?"

"అదే నేననేది! కనపడకూడదు. బురదనేది రోజువారీ వ్యవహారం. తమరు దార్శనికులు. బురద తోడే దార్శనికుణ్ణి ఎక్కడైనా చూశారా?"

గుమ్మటయ్య ఎక్కడా చూడలేదు. అసలు దార్శనికుణ్ణే చూడలేదు. అందుకని ఒప్పుకున్నాడు.

మర్నాడే సభ జరిగింది. పరిపాలన రెండు ముక్కలయింది. ఒకటి నేటి శాఖ. దానికి కొమ్మలరావు అనే కోతి అధికారి. రెండోది రేపటి శాఖ. దాన్ని గుమ్మటయ్య స్వయంగా గుట్ట మీద కూర్చుని నడుపుతాడు. నేటి శాఖ రేపటి పని ముట్టుకోకూడదు, రేపటి శాఖ నేటి పని ముట్టుకోకూడదు.

"మరి సలహా చెప్పినందుకు తమకేమివ్వాలి?" అని సభ అడిగింది.

"నాకెందుకండీ! మడుగులో ఒంటికాలు మోపేంత చోటిస్తే చాలు," అన్నాడు ధ్యానానందం.

ఎంత నిస్వార్థపరుడో అని జింకలు కళ్ళు తుడుచుకున్నాయి. మడుగులోని చేపలు మాత్రం ఏమీ అనలేదు. వాటిని ఎవరూ సభకి పిలవలేదు.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ గుమ్మటయ్య కాళ్ళు మడుగు వైపు నడిచాయి. ధ్యానానందం రెక్క అడ్డుపెట్టాడు. "అది నేటి పని, అధ్యక్షా!"

గుమ్మటయ్య నాలుక కరుచుకుని గుట్టెక్కాడు.

ఇక తోడాల్సింది కొమ్మలరావు. ఆయన బురద వంక చూశాడు. తన శుభ్రమైన చేతుల వంక చూసుకున్నాడు. తోక గోక్కుని ఒక ధర్మసందేహం లేవదీశాడు.

"ఇప్పుడు తోడితే నీళ్ళెప్పుడొస్తాయి? రేపు. రేపటి నీళ్ళు ఎవరివి? రేపటి శాఖవి. నేను తోడానంటే అధ్యక్షులవారి అధికారంలో వేలు పెట్టినట్టే. అమ్మో, అంత సాహసం నావల్ల కాదు!"

సందేహం గుట్టెక్కింది. ధ్యానానందం గుమ్మటయ్య చెవిలో ఊదాడు. "నీళ్ళెప్పుడొస్తే మనకేం? తోడేది ఈరోజు. కనుక నేటి పనే."

ఇద్దరు చెప్పిందీ గుమ్మటయ్యకి సబబుగానే తోచింది. అక్కడే వచ్చింది చిక్కు. ఏ శాఖకీ చెందని బురద మడుగులో హాయిగా పెరిగింది.

గుట్ట మీద గుమ్మటయ్య ముందుచూపు సాధన మొదలుపెట్టాడు. కళ్ళు చిట్లించి పదేళ్ళ అవతలికి చూసేవాడు. మండుటెండలో ఎండమావులు తళతళలాడేవి. "పదేళ్ళ తర్వాత నీళ్ళే నీళ్ళు!" అని ప్రకటించాడు. అడవంతా ఎండిన నాలుకలతోనే జేజేలు కొట్టింది.

దాహమంటూ గుట్టెక్కేవాళ్ళకి దారిలో కొమ్మలరావు పెట్టించిన బోర్డు కనిపించేది. "ఇది రేపటి శాఖ. రేపు రండి." మర్నాడు వచ్చినా బోర్డు అదే మాట చెప్పేది.

"ఊళ్ళో మనుషులు కూడా గోడల మీద 'రేపు రా' అనే రాసుకుంటారు," అంది సూదులమ్మ. "దయ్యాలు రాకుండా! మనల్ని వాటిలో జమకట్టారన్నమాట."

మడుగు తగ్గింది. నీళ్ళు తగ్గినకొద్దీ చేపలు ఒకచోటికి చేరాయి. ధ్యానానందం జపం ఊపందుకుంది. మెడ వంచితే ఒక చేప, మెడ ఎత్తితే ఒక స్వాహా! పొట్ట ఎంత పెరిగిందంటే, దాని బరువుకి ఒంటికాలు మోకాలిదాకా బురదలో దిగబడింది. తిండి యావలో ఆయన గమనించనేలేదు.

గుట్ట మీద గుమ్మటయ్యకీ నాలుక పిడచకట్టుకుపోతోంది. కానీ అధ్యక్షుడే దాహమంటే పరువేం కాను? చెవులు విసురుకుంటూ కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం గుట్ట కింద ఒక జింకపిల్ల నీళ్ళకోసం ఏడవడం వినిపించింది. తల్లి దాన్ని నాకుతూ, "ఊరుకో నా తండ్రీ, రేపు తాగుదువుగాని," అంటోంది.

ఆ 'రేపు' వినగానే గుమ్మటయ్య గుండె కలుక్కుమంది. అది తన శాఖ. తన శాఖలో చుక్క నీరు లేదు.

గబగబా దిగాడు. ముందు నేటి శాఖకే వెళ్ళాడు, ఎంతైనా పద్ధతి పద్ధతే కదా!

"కొమ్మలరావూ, నీళ్ళు!"

కొమ్మలరావు లేచి చేతులు కట్టుకున్నాడు. "ఉన్నవి నిన్నటితో అయిపోయాయండి. మళ్ళీ రావాలంటే రేపే. రేపంటే తమరే. కనుక తమ దగ్గరికి తమరే రేపు రావాలండి."

గుమ్మటయ్య ఆ లెక్క తేల్చుకునేలోగా మడుగులోంచి కేక వినిపించింది. "చచ్చాను! కాపాడండి!"

మడుగు ఎండి, బురద గట్టిపడి, ధ్యానానందం కాలు మేకులా బిగుసుకుపోయింది. రెక్కలు కొట్టుకుంటున్నాడు కానీ పొట్ట లేవనివ్వడం లేదు. ఒడ్డున ఒక అడవిపిల్లి మూతి నాక్కుంటూ కూర్చుంది.

కొమ్మలరావు గంభీరంగా అడిగాడు. "కాలు ఎప్పుడు ఇరుక్కుందండీ?"

"నిన్న!"

"అయ్యయ్యో! నిన్నకి మన దగ్గర శాఖే లేదండీ."

"అధ్యక్షా, మీరైనా తవ్వండి!"

"ముందుచూపున్నవాడు కిందికి చూడకూడదని తమరే అన్నారు కదండీ?" అన్నాడు గుమ్మటయ్య. వెటకారం కాదు, నిజంగానే సందేహం.

"ముందుచూపు తగలెయ్య! కిందికి చూడు మహాప్రభో!"

గుమ్మటయ్య కిందికి చూశాడు. ఎన్నాళ్ళకో చూశాడేమో, బురద మీద ప్రేమ పొంగుకొచ్చింది. కాళ్ళతో పెచ్చులు పగలగొట్టి, తొండంతో తోడసాగాడు. ఏనుగు పక్కనే తిష్ఠ వేసేసరికి అడవిపిల్లి ఆశ వదులుకుని పోయింది.

తోడుతుంటే సూదులమ్మ మాట గుర్తొచ్చింది. తల ఖాళీయేగా! సరే, ఆలోచిద్దామనుకున్నాడు. ఇన్నాళ్ళూ బురదని ఎక్కడపడితే అక్కడ విసిరేవాడు. వానొస్తే అదే జారి మళ్ళీ మడుగులో పడేది. ఈసారి పల్లం వైపు ఒకేచోట పోస్తూ వచ్చాడు. రోజూ ఇలా పోస్తే అది గట్టవుతుంది, వాననీళ్ళు పల్లానికి పోకుండా ఆగుతాయి, వచ్చే ఏడు నల్లరాయి తడుస్తుంది. ఆహా, బురదలో నిలబడి కూడా వచ్చే ఏడు కనపడుతుందే అని ఆయనకి భలే సంతోషమేసింది.

తెల్లారేసరికి ఊట నోరు తెరిచింది. అందరికన్నా ముందు జింకపిల్ల తాగింది. బురద నానాక ధ్యానానందం కాలు చప్పుడు చేసుకుంటూ ఊడొచ్చింది.

ఊడొచ్చిన కాలు కడుక్కుని ఆయన వెంటనే సభ పెట్టించాడు. "చూశారా! మన పదేళ్ళ ప్రణాళిక మొదటి వేసవిలోనే ఫలించింది!" అన్నాడు. సభ చప్పట్లతో మారుమోగింది. కడుపు నిండా నీళ్ళు తాగారేమో, ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. కొమ్మలరావుకి పెద్ద పదవి ఇచ్చారు. ఆయనకోసం కొత్తగా ఎల్లుండి శాఖ తెరిచారు.

గుమ్మటయ్య సభకి రాలేదు. సాయంత్రమయింది కదా, తొండం బురదలో ఉంది. కొత్త గట్టు మీద కూర్చున్న సూదులమ్మ, "ఇటు కొంచెం ఎక్కువ పొయ్యవయ్యా, పల్లం ఇటే ఉంది," అని పోరుతూనే ఉంది.

నీతి: ఈరోజు పని రేపటికి వాయిదా వేసేవాణ్ణి సోమరి అంటారు, అందుకోసం ఒక శాఖ పెట్టేవాణ్ణి సారు అంటారు.